తెర వెనక అత్తగారు

పిల్ల తరఫువాళ్లు వనపర్తి నుంచి పదకొండు గంటలకు ఇల్లు చూడడానికి వస్తున్నారు. ఆలోపు తమ ఇల్లు కలిగినవాళ్ల ఇల్లులా కనిపించాలని రేణుకమ్మ పొద్దున్నే కొంగు బిగించింది. గద్వాల నేతగాళ్ల వీధిలో ఆమెది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగం మగ్గమే ఉంటుంది. మిగిలిన సగంలో చిన్న టీవీని తడిగుడ్డతో తుడిచి, గుమ్మంలోకి రాగానే కంటపడేలా పెట్టింది. పక్కింటి జానకమ్మను బతిమాలి ఆమె ఫ్రిజ్జును ఒక్క పూటకు అడిగి, కొడుకు భరత్ చేత తోపుడుబండి మీద తెప్పించి మూలన నిలబెట్టించింది.

"కరెంటు మాత్రం తియ్యొద్దు వదినా. లోపల మా పాలున్నయి. ఇరిగిపోతె నేనూకోను," అని జానకమ్మ షరతు పెట్టింది.

ఈ హంగామాకు కారణం ఉంది. భరత్‌కు ఇరవై ఏడేళ్లు నిండాయి. ఇప్పటికి మూడు సంబంధాలు వచ్చినట్టే వచ్చి జారిపోయాయి. మగ్గం నేసేవాడికి ఇస్తే మా పిల్ల ఏం తింటుందని ఒకాయన మొహం మీదే అనేశాడు. పొద్దున కూర్చుంటే దీపాలవేళ దాకా లేవని కొడుకు చేసిన పాపమేమిటో అర్థంకాక రేణుకమ్మ ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇక వాడికి పెళ్లి కాదని ఆమెకు భయం పట్టుకుంది.

అసలే ఆమెకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ పూట నీళ్లు ఎక్కువ కలిపాడని అనుకుంటుంది. అలాంటి మనిషికి తొమ్మిదిన్నర గంటలకు వీధిలో ఒక గడ్డపాయన కనిపించాడు. భుజాన సంచి, మెడలో ఫొటో కెమెరా, చేతిలో వీడియో కెమెరా. ఆరబెట్టిన నూలుకు ఒక ఫొటో, అరుగు మీది మేకకు రెండు ఫొటోలు తీసి, తిన్నగా వీళ్ల గడప దగ్గరికే వచ్చాడు.

"ఎవలు నువ్వు?" అంది రేణుకమ్మ.

"నా పేరు చంద్రశేఖర్ అమ్మా. హైదరాబాద్ నుంచి వచ్చాను. చిన్న పట్టణాల్లో జనం ఎలా బతుకుతున్నారో సినిమా తీస్తున్నాను."

"సినిమానా? హీరో ఏడి?"

"హీరో ఎవరూ ఉండరు. మీరే."

"పాటలు?"

"పాటలు కూడా ఉండవమ్మా."

"ఎవలు తీపిస్తుండ్రు నీతోని?"

"ఎవరూ తీయించడం లేదు. నా సొంతంగా తీసుకుంటున్నాను." ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎన్నేళ్లుగా ఉంటున్నారు అని అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. లోపల కూడా కాస్త తీసుకోవచ్చా అన్నాడు.

హీరో లేడు, పాటలు లేవు, తీయించేవాడు లేడు. పైగా రాసుకుంటున్నాడు. "జర ఆగు, ఇల్లూడ్వలే," అని రేణుకమ్మ తలుపు మూసేసింది.

అప్పటికే పెరటి దారిన జానకమ్మ రొప్పుతూ వచ్చేసింది. "వదినా, ఆడు కార్డులోడే! వనపర్తిల తెల్ల రేషన్ కార్డులు ఏరేస్తుండ్రంట. ఇంట్ల టీవీ, ఫ్రిజ్జు కనవడితె కార్డు పాయె. ఈపారి ఏసం మార్చుకోని వస్తుండ్రంట. నేను వోతున్న, మా మిక్సీ దాచాలె!"

మగ్గం మీద కూర్చున్న భర్త బాలస్వామి తల ఎత్తాడు. "నిజంగనే సినిమా తీస్తుండేమోనే."

"సినిమా తీసేటోడు నీ మొఖమెందుకు తీస్తడయ్యా?"

బాలస్వామికి ఇది న్యాయంగానే తోచింది.

రేణుకమ్మ వెంటనే లెక్క తేల్చింది. వచ్చినవాణ్ణి పది నిమిషాల్లో సాగనంపాలి. పదకొండు లోపు అన్నీ మళ్లీ బయట పెట్టాలి. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట ఉంది కాబట్టి టీవీని అందులోకి దించి, దాని మీద గోనెసంచి కప్పారు. ఫ్రిజ్జు గుంటలో పట్టదు కాబట్టి ఆ మూలకు అడ్డంగా తాడు కట్టి పాత చీరను తెరలా వేలాడదీశారు.

చంద్రశేఖర్ లోపలికొచ్చి నలువైపులా చూశాడు. బోసి గోడలు, మగ్గం, ఒక చాప. అతని కళ్లు మెరిశాయి. "కాస్త నేస్తారా, తీసుకుంటాను," అని బాలస్వామిని అడిగాడు.

నేయాలంటే గుంటలోని చెక్కలను కాళ్లతో తొక్కాలి. చెక్కలు టీవీ కింద ఉన్నాయి. "మోకాళ్లు వట్టుకపోయినయి సారూ," అన్నాడు బాలస్వామి. చంద్రశేఖర్ కెమెరాను దగ్గరికి జరిపాడు. ఆ కదలని చేతులను పావుగంట తీశాడు. ఇంట్లో పాలు కూడా లేవనుకోవాలని రేణుకమ్మ ఇచ్చిన నల్ల చాయను కూడా తీశాడు. పదిమ్ముప్పావు అయినా కదలలేదు.

"ఆ శబ్దం ఏంటమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి. తెర వెనక ఫ్రిజ్జు గుర్రుమంటోంది.

"మా అత్త," అంది రేణుకమ్మ తడుముకోకుండా. "పండుకున్నది. గట్లనే గుర్రు వెడ్తది."

తొమ్మిదేళ్ల కిందట పోయిన తల్లిని తలుచుకుని బాలస్వామి కళ్లు మూసుకున్నాడు. చంద్రశేఖర్ గౌరవంగా గొంతు తగ్గించి, ఆ గురకను కూడా రికార్డు చేయడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు అలా సాగిందో లేదో, ఫ్రిజ్జు ఒక్కసారి గడగడలాడి ఆగిపోయింది.

"అమ్మా! పెద్దావిడ ఊపిరి ఆగిపోయింది!" అని చంద్రశేఖర్ కేకపెట్టాడు.

సరిగ్గా అప్పుడే పిల్ల తల్లి సత్యమ్మ, ఆమె అన్న కురుమూర్తి గడపలో కాలు పెట్టారు. సత్యమ్మ పెట్టిన కాలు పెట్టినట్టే వెనక్కి తీసుకుంది. "అన్నా, ఇంట్ల చావైనట్టుంది. పోదాం నడువ్."

కురుమూర్తి కదలలేదు. అనుమానంలో ఆయన రేణుకమ్మకు తీసిపోయేవాడు కాదు. "ఆగు చెల్లే. పిల్లగాని నాయనమ్మ తొమ్మిదేండ్ల కిందనే సచ్చిపోయిందని సంబంధం తెచ్చిన పెద్దమనిషి చెప్పిండు గద. మరి ఇప్పుడు సచ్చిందెవలు?"

చంద్రశేఖర్ చెయ్యి తెర మీద ఉంది. సత్యమ్మ చెప్పులు వేసుకుంటోంది. గోడకానుకుని నిలబడ్డ భరత్ తల దించుకున్నాడు. ఆ తల చూసి రేణుకమ్మ ఇక ఆగలేదు. విసురుగా వెళ్లి తెర లాగేసింది.

"ఇగో మా అత్త! మంచిగ సూస్కోండ్రి!" అని చంద్రశేఖర్ వైపు తిరిగింది. "రాస్కో నాయినా. కార్డు తీసేస్కో, బియ్యం బంద్ చేస్కో. నా కొడుకు సంబంధం మాత్రం చెడగొట్టకు. నీకు దండం వెడ్త."

భరత్ సత్యమ్మ ముందుకొచ్చాడు. "ఫ్రిజ్జు మాది కాదత్తమ్మా, పక్కింటోళ్లది. మాకున్నది టీవీ ఒక్కటే. నాయిన కాళ్ల కింద ఉంది."

బాలస్వామి అపరాధిలా రెండు కాళ్లూ పైకెత్తాడు.

కురుమూర్తి గుంటలోకి తొంగిచూశాడు. తర్వాత చంద్రశేఖర్‌ను ఎగాదిగా చూశాడు. "నువ్వు పోయిన వారం వనపర్తిల మా గల్లీకి వచ్చినోనివే గద?"

"అవునండీ. మీ ఇంట్లో ఒక్క మంచం తప్ప ఏమీ లేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

సత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "మా టీవీ జొన్నల గుమ్మిల వెట్టినం వదినా! అన్న బండి గడ్డివాములకు తోసినం. ఇంక తియ్యనే లేదు!"

చంద్రశేఖర్ చాప మీద కూలబడ్డాడు. తీసిన క్యాసెట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నాయి. "దయచేసి అందరూ సామాన్లు బయట పెట్టండి. నేను ఎవరి మనిషినీ కాదు. మళ్లీ మొదటి నుంచి తీసుకుంటాను," అని చేతులు జోడించాడు.

రేణుకమ్మ, సత్యమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సూస్తివా వదినా, ఎంత తియ్యగ బయట వెట్టిస్తుండో?" అంది రేణుకమ్మ.

"మా ఊరిది సుత కలిపి రాస్కుందమని," అంది సత్యమ్మ.

ఇద్దరూ చెరో కొస పట్టుకుని తెర మళ్లీ కట్టేశారు. కురుమూర్తి చంద్రశేఖర్‌ను మర్యాదగా వీధి చివరి దాకా సాగనంపి, బస్సెక్కే దాకా చూసి మరీ వచ్చాడు. "పిల్లగాడు అబద్ధం చెప్పలే. అత్త ఎవల్ని నమ్మది. మా సాయిశ్రీని ఈ ఇంట్ల ఎవ్వలు మోసం చెయ్యలేరు. ఇస్తం," అని సత్యమ్మ అక్కడికక్కడే మాటిచ్చింది. రేణుకమ్మ ఆనందం పట్టలేక జానకమ్మ పాలన్నీ చాయకు వాడేసింది.

పెళ్లయిన మరుసటి ఏడాది ఒక ఉదయం కొత్త కోడలు సాయిశ్రీ పేపరు చదివి వినిపించింది. చిన్న పట్టణాల బతుకును ఉన్నది ఉన్నట్టు చూపినందుకు చంద్రశేఖర్ సినిమాకు ప్రభుత్వం బహుమతి ఇచ్చిందట.

"నేను గప్పుడే చెప్పిన గద!" అని రేణుకమ్మ చాట కింద పెట్టింది. "సర్కారు మనిషి కాకుంటె సర్కారు ఇనామెందుకిస్తది?"

సాయిశ్రీ ఒక్క క్షణం ఆలోచించి, పేపరు మడిచి, లేచి వెళ్లి వీధి తలుపుకు గడియ పెట్టి వచ్చింది.