గీత పైకే వెళ్తోంది

లోకంలో నీతి పెరుగుతోంది. ఊరికే అనడం లేదు, నా దగ్గర గ్రాఫ్ ఉంది.

నా ఉద్యోగమే అది. రైతుకు సరైన ధర ఇచ్చి, కూలీలను మోసం చేయకుండా పండించిన కాఫీ, చక్కెర, అరటిపళ్ల మీద ఒక ఆకుపచ్చ ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్న సరుకు ఏ ఏడాది ఎంత అమ్ముడైందో ఎనిమిది దేశాలకు పోల్చి, ఎనిమిది రంగుల్లో గీతలు గీస్తాను. పదిహేనేళ్లుగా గీస్తున్నాను. ఇంట్లో నా మాట చెల్లకపోయినా, ఆఫీసులో ఎనిమిది దేశాల అంతరాత్మలు నా స్కేలు కిందే ఉంటాయి.

గ్రాఫులంటే విసుక్కునేవాళ్లను ఒక్క మాట అడుగుతాను. పూర్వం మనిషి మంచివాడో కాదో తెలుసుకోవడం ఎంత కష్టం? వాడి పక్కింట్లో పదేళ్లు ఉండాలి, లేదా వాడితో ఆస్తి పంపకాలకు కూర్చోవాలి. ఇప్పుడు ఆ అవస్థ లేదు. నీలం రంగు దేశం ఎరుపు రంగు దేశం కంటే రెండున్నర రెట్లు నీతి గలదని కుర్చీలోంచి లేవకుండా చెప్పేస్తాను!

గిట్టనివాళ్లు ఉంటారు. ఒక చిన్న దేశంలో నీతి ఒక్క ఏడాదిలో మూడు వందల శాతం పెరిగిందని రాస్తే నవ్వారు. అంతకుముందు అక్కడ ఈ సరుకు అమ్మే దుకాణం ఒక్కటే ఉండేది, మరుసటి ఏడాదికి నాలుగయ్యాయి. అయితే ఏమిటట? శాతం శాతమే కదా! నిరుడు మన దేశం ఏడో స్థానం నుంచి ఐదో స్థానానికి ఎగబాకింది. మన పైనున్న రెండు దేశాలు లెక్కలు పంపలేదు. వాళ్లు బద్ధకిస్తే మనం ఎదగడం మానుకోవాలా? మా మేనేజర్ ఆ రోజు కేకు కోశారు. అందులోని చక్కెరకు ముద్ర ఉందా అని అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు.

ఇంత సాఫీగా సాగుతున్న నీతికి మా బావమరిది అడ్డుపడ్డాడు.

మా ఆవిడ తమ్ముడు. కొండ మీద కాఫీ తోట ఉంది. ముద్ర కోసం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు. తనిఖీకి వచ్చినవాళ్లకు కూలీల మరుగుదొడ్డి నుంచి ఎరువుల గది తాళం దాకా చూపించి సాధించాడు. అంత సాహసం చేసింది నా గ్రాఫు చూసే. ఆ గ్రాఫు అతనికి చూపించింది నేనే.

"బావా, గీత పైకే వెళ్తోందంటావు. పది బస్తాలు పండిస్తే ముద్రతో కొనేవాళ్లు రెండిటికే దొరికారు. మిగతా ఎనిమిదీ బజార్లో మామూలు కాఫీ కింద పోయాయి. అవీ ఆ చెట్లవే కదా?" అన్నాడు.

ఓపిగ్గా వివరించాను. చెట్లు అవే, కోసిన చేతులూ అవే కావచ్చు. కానీ ముద్రతో కొనేవాడు దొరకని మరుక్షణం ఆ ఎనిమిది బస్తాలూ నీతి తప్పాయి. కొనేవాడు లేని నీతిని నేను ఏ రంగుతో గీయను? నా పట్టికలో అమ్ముడైనదానికే గడి ఉంది.

"మిగిలిపోయినదానికి కూడా ఒక గడి పెట్టొచ్చుగా?" అంది మా ఆవిడ.

పెడితే గత పదిహేనేళ్లతో పోలిక చెడుతుందని చెప్పాను. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఏ రోజుకారోజు పోల్చి చూశాను, తేడా కనిపించలేదు.

ఈ ఏడాది బావమరిది ఎకరాల లెక్కన పడే ముద్ర రుసుము కట్టలేక సగం తోట కొట్టించేశాడు. ఆ కొండ మీద చాలామంది అదే పని చేశారు, ఇంకొందరు ముద్రే వదులుకున్నారు. దాంతో ముద్ర కాఫీకి కరువొచ్చింది, దుకాణాల్లో ధర ఆకాశాన్నంటింది. నేను అమ్మకాలను బస్తాల్లో కాక డబ్బుల్లో గీస్తాను కాబట్టి, గీత ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. మేనేజర్ నన్ను పదిమందిలో మెచ్చుకున్నారు.

బావమరిది మనసు కుదుటపడుతుందని ఆ గ్రాఫు పట్టుకుని కొండెక్కాను. నరికిన మొదళ్ల మధ్య నిలబడి అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇదిగో, ఈ ఎత్తంతా నీ చలవే" అన్నాను.

"మిగతా సగం కూడా కొట్టేస్తే ఇంకా పైకి వెళ్తుందా బావా?"

వేళాకోళానికి అడగలేదు. నామీద అతనికి ఇంకా నమ్మకం ఉంది, అందుకని అడిగాడు.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. వెళ్తుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా లెక్క తప్పైతే బాగుండునని అనుకోవడం అదే మొదటిసారి.