రబ్బరు బ్యాండు రద్దయిన రోజు

అత్యవసర వేళల్లో పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకుముందు కూడా మాట్లాడుకునేవి. కానీ అది నిబంధనల ప్రకారం కాదు.

మూడు శాఖలకు మూడు రకాల వైర్‌లెస్ సెట్లు. ఒకదాని మాట ఇంకొకదానికి వినపడదు. ఇటు విన్నది అటు చెప్పేలోపు సగం ఇల్లు బూడిదవుతుందని కంట్రోల్ రూము ఆపరేటరమ్మ అనుభవం. అందుకని పదకొండేళ్లుగా ఆవిడ పోలీసు సెట్టు స్పీకరును అగ్నిమాపక సెట్టు మైకుకు ఆనించి, రెండింటినీ కలిపి రబ్బరు బ్యాండు బిగించేది. మైకు మీట కూడా దాని కిందే నొక్కుకుని ఉండేది. కానిస్టేబులు మాట ఫైరింజను డ్రైవరుకు పక్కనే కూర్చుని చెప్పినట్టు వినపడేది.

తనిఖీకి వచ్చిన ఉన్నతాధికారి అది చూసి నిర్ఘాంతపోయారు.

"ఇది ఏ ఉత్తర్వు ప్రకారం బిగించావమ్మా?"

"ఉత్తర్వు ఏం లేదు సార్. నా టిఫిన్ బాక్సుది."

బ్యాండును స్వాధీనం చేసుకుని, కవరులో పెట్టి, సీలు వేసి, తన బీరువాలో భద్రపరిచారు. ఆ సాయంత్రమే సమన్వయ సంఘం ఏర్పడింది.

సంఘం మూడేళ్లు తిండీ నిద్రా మాని శ్రమించింది. ఉమ్మడి సెట్టు మీద ఏ శాఖ పేరు పైన ఉండాలన్న చర్చకే మొదటి ఏడాది సరిపోయింది. రెండో ఏడాది, పైనా కిందా అన్న గొడవ లేకుండా సెట్టును గుండ్రంగా చేయించారు. మరి ముందు ఎవరు మాట్లాడాలి? మూడో ఏడాది దానికీ మార్గం దొరికింది. ఒక శాఖ నోరు విప్పాలంటే తక్కిన రెండు శాఖల అధికారులూ "అభ్యంతరం లేదు" అనాలి. ఇంత మర్యాద తెలిసిన యంత్రం భూమ్మీద ఇంకోటి లేదు.

ప్రారంభోత్సవం ఆరో అంతస్తు హాల్లో జరిగింది. ముగ్గురు అధికారులూ వేదిక మీదే ఉన్నారు. మీరూ నేనూ ముందు వరుసలో ఉన్నాం, మీకు గుర్తుండే ఉంటుంది. ఆపరేటరమ్మ అత్తగారు మన వెనకే కూర్చుని, కింద మిషను నడిపేది మా కోడలేనని అడగనివాళ్లకు కూడా చెబుతున్నారు.

సంఘం అధ్యక్షులవారు గొంతెత్తారు. "మంటకు శాఖాభేదం లేదు! పొగకు హోదా తెలియదు!"

సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి పొగ వచ్చింది. ప్రదర్శన మొదలైందనుకుని మనం చప్పట్లు కొట్టాం.

బయట మెట్ల దగ్గరున్న కానిస్టేబులు స్టోర్ రూము అంటుకోవడం కళ్లారా చూశాడు. గుండ్రటి సెట్టు అందుకుని అరిచాడు. "తక్కిన శాఖల అనుమతి కోసం దయచేసి వేచి ఉండండి" అంది అది, తీయగా. అనుమతి ఇవ్వాల్సినవాళ్లు పొగలో ఉన్నారు. అతను నడుముకున్న పాత సెట్టు తీశాడు.

"అమ్మా, మెట్లు మూసుకుపోయాయి! కిటికీల వైపు నిచ్చెన వేయించండి! మీ అత్తగారు కూడా లోపలే!"

ఆ కేక ఆపరేటరమ్మ బల్ల కింద, ఎవరూ ఆపని పాత పోలీసు సెట్టులోంచి వినపడింది. ఆవిడ అక్కడ మూలపడేసిన పాత సెట్లు రెండూ లాగింది. బ్యాండేమో బీరువాలో, తాళంచెవేమో ఆరో అంతస్తులో ఉన్నతాధికారి జేబులో. క్షణం కూడా ఆలోచించకుండా జుట్టుకున్న బ్యాండు లాగి బిగించింది. కానిస్టేబులు మళ్లీ పెట్టిన కేక నేరుగా ఫైరింజనులో మోగింది. నాలుగు నిమిషాల్లో కిటికీకి నిచ్చెన ఆనింది.

నిచ్చెన దగ్గర అధికారులు "తమరు ముందు", "అబ్బే, తమరే" అనుకుంటుంటే, అత్తగారు ముగ్గురినీ మోచేత్తో నెట్టుకుని దిగిపోయారు. దగ్గు ఆగగానే కోడల్ని ఎగాదిగా చూశారు.

"నలుగురిలో జుట్టు విరబోసుకుని ఇదేం అవతారమే?"

అంటూనే కోడలి చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

విచారణ నివేదిక వారంలో వచ్చింది. ఉమ్మడి వ్యవస్థ విజయవంతమైందనీ, పొగ ప్రదర్శన అత్యంత సహజంగా ఉందనీ తేల్చింది. అనుమతి లేని బ్యాండు వాడినందుకు ఆపరేటరమ్మను సంజాయిషీ అడిగారు. ఆ బ్యాండూ సీలు పడి, మొదటిదాని పక్కనే బీరువాలో చేరింది.

తర్వాత సంఘానికి ఘన సన్మానం. హాలు చివర, విరబోసిన జుట్టుతో ఆపరేటరమ్మ నిలబడి ఉంది. మనం చూశాం. చూసి, మళ్లీ వేదిక వైపు తిరిగి చప్పట్లు కొట్టాం. కాసేపటికి నా చేతులు నొప్పెట్టి ఆపేశాను. మీరింకా కొడుతూనే ఉన్నారు.