నిండు సభకు ఒక దిండు తక్కువ

హిసానో చోటును క్రీడాభవనం వాళ్లు లాక్కున్నారు. ఇది ఆరోపణ కాదు, జరిగిన పని. మనిషి చనిపోయి ఈ లోకాన్ని ఖాళీ చేయవచ్చు. కురహమా క్రీడాభవనంలో చోటును మాత్రం ఖాళీ చేయడానికి వీల్లేదు.

ఈ సంగతి ఆమె భర్త కనెమరు తొకుజికి నిరుటి శరదృతువు సుమో పోటీల్లో తెలిసింది. తొకుజి గడ్డిచాపలు కుట్టే మనిషి. ఊరి బడి చదువు. ముప్ఫై ఒక్క ఏళ్లు భార్యాభర్తలిద్దరూ ఏడో వరుసలో ఒకే గడిలో కూర్చున్నారు. గడి అంటే నాలుగు పక్కలా ఇనుప కమ్మీ, లోపల రెండు దిండ్లు. నిరుడు ఆమె లేదు. అయినా ఆయన ఇద్దరి పేర్ల మీదా టికెట్లు తీసుకున్నాడు. ఒక దిండు మీద తాను కూర్చున్నాడు. రెండోదాన్ని సరిచేసి, దాని ముందు గ్లాసుడు టీ పెట్టాడు. ఆ దిండును అలా ఉండనిస్తే చాలు. లోకాన్ని ఆయన ఇంకేమీ అడగలేదు.

పది నిమిషాల్లో ఖాళీ స్థలాల పూరణ విభాగం ఉపాధికారి ఉజికావా వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో పలకంత ఫోను.

"తాతగారూ, మీ పక్కనావిడ ఎక్కడికెళ్లారు?"

"చనిపోయింది."

"అయ్యో పాపం. మరి ఇవాళ వస్తారా, రారా? ఇందులో రెండే మీటలున్నాయండీ."

"రాదు."

"'రారు' అని నొక్కితే ఆవిడ ఫోనుకి ఓటీపీ వెళ్తుంది. అది ఆవిడే చెప్పాలి."

తొకుజి టీ గ్లాసును దిండుకు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. ఉజికావా తొందరపెట్టలేదు. (నిబంధన ప్రకారం ఓటీపీ కోసం మూడు నిమిషాలు ఆగాలి. ఆగాడు.)

విషయం ఏమిటంటే, సభ నిండిన రోజున 'నిండు సభకు ధన్యవాదాలు' అని రాసిన నాలుగు పటాలు పైకప్పు నుంచి దిగుతాయి. పాతకాలంలో నాలుగు దిండ్లు ఖాళీగా ఉన్నా చూసీచూడనట్టు దించేసేవారు. కొత్త సంచాలకుడు నిజాయితీపరుడు. ఒక్క దిండు ఖాళీగా ఉన్నా పటం దిగదన్నాడు. అందుకని ఖాళీలను నింపడానికి మనుషులను పెట్టాడు. వాళ్లంతా పోటీల నుంచి విరమించిన మల్లులు. వాళ్లకు వేరే పని రాదు, కూర్చోవడం బాగా వచ్చు.

హిసానో దిండు మీదికి కిబనామి అనే మాజీ మల్లుడు వచ్చాడు. నూట యాభై కిలోలు. హిసానో నలభై మూడు. నిబంధనలో బరువు ప్రస్తావన లేదు.

"క్షమించండి పెద్దాయనా. కాస్త జరుగుతారా?"

"ఎక్కడికి?" అన్నాడు కమ్మీకి అతుక్కుపోయిన తొకుజి.

పటాలు దిగాయి. జనం చప్పట్లు కొట్టారు.

"తొమ్మిదో నిబంధన ఒకటుందండీ," అన్నాడు కిబనామి. "ఆవిడ అలవాట్లు చెప్తే నేనూ అలాగే చెయ్యాలి. చుట్టుపక్కలవాళ్లకి తేడా తెలియకూడదట."

"మాట్లాడేది."

"దేని గురించండీ?"

"నా గురించి. చెడుగా."

కిబనామి గొంతు సవరించుకున్నాడు. "ఏంటా ముసురు పట్టిన మొహం? పోటీలు చూడ్డానికొచ్చావా, పళ్లు పీకించుకోడానికొచ్చావా?" అని, "ఇలాగేనా అండీ?" అన్నాడు.

"గొంతు ఇంకాస్త పెద్దది."

"తిండి?"

"పుల్లకు గుచ్చి కాల్చిన కోడిముక్కలు. తనవి తినేసి, నావి రెండు తీసుకునేది."

ఈ భాగాన్ని కిబనామి రెండోసారి అడగకుండా అమలు చేశాడు.

"ఇంకేమైనా ఉందా?"

"అగ్రమల్లుడు ఓడితే దిండు విసిరేది."

కిబనామి నమలడం ఆపాడు. "అది నిషేధం కదండీ!"

"అడిగావు. చెప్పాను."

అగ్రమల్లుడు ఓడిన రోజు దిండ్లు విసరడం ఆచారం. విసరవద్దని మైకులో చెప్పడం ఇంకో ఆచారం. (ఇదే భవనంలో వృత్తి కుస్తీ జరిగే రోజుల్లో ఇనుప కుర్చీలు విసురుతారు. వాటికి నిషేధం లేదు. అవి కార్యక్రమంలో భాగం.)

చివరి పోటీలో అగ్రమల్లుడు ఒక పొట్టి కుర్రమల్లుడి చేతిలో ఆరు క్షణాల్లో బోర్లాపడ్డాడు. దిండ్లు లేచాయి. కిబనామి రెండు నిబంధనల మధ్య చెమటలు కక్కాడు. రెండింటిలో తొమ్మిదోది కొత్తది. కొత్తదే చెల్లుతుందని అతనికి శిక్షణలో చెప్పారు. లేచి నిలబడ్డాడు.

"ఏ చేత్తో విసిరేవారండీ?"

"ఎడమ."

మిగతావాళ్ల దిండ్లు నాలుగైదు వరుసలు దాటి పడ్డాయి. హిసానో దిండు గోదా మీదుగా పైకి వెళ్లి, ధన్యవాదాల పటాల్లో ఒకదాన్ని కిందికి తెచ్చింది. తొకుజి నవ్వాడు. భార్య పోయాక ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

వారం తర్వాత దిండ్ల క్రమశిక్షణ విభాగం నుంచి హిసానో పేరున ఉత్తరం వచ్చింది. నింపడానికి కూర్చున్నవాడికి సొంత చేతులు ఉండవు, అతను చేసింది చోటు ఎవరి పేరున ఉందో వాళ్లు చేసినట్టే. కాబట్టి ఆమెకు జీవితాంతం ప్రవేశ నిషేధం. అభ్యంతరం ఉంటే ఆమె స్వయంగా క్రీడాభవనం లోపలికి వచ్చి చెప్పుకోవచ్చు.

ఉత్తరం వెనకాలే ఉజికావా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"ఆవిడ పోయారని మా విభాగానికి తెలుసండీ. దిండ్లవాళ్లకి తెలీదు. చెప్పామంటే, పోయినావిడ చేత దిండెలా విసిరించారని మా మీద పడతారు. మీరిక్కడ సంతకం పెట్టేస్తే వాళ్లు ఫైలు మూసేస్తారు, ఏడో వరుస గడి మీరు బతికున్నంతకాలం మీదే. పక్క దిండు మీద ఎవర్నీ కూర్చోపెట్టం. నిషేధం ఉన్న దిండు కదా, అది లెక్కలోకి రాదు."

తొకుజికి కావలసింది అదే. కాగితం చదివాడు. ఒకటే వాక్యం: 'నా భార్య హిసానోను లోపలికి రానివ్వనని మాట ఇస్తున్నాను.'

రెండోసారి చదివాడు. కాగితాన్ని చాప మీద పెట్టి ఉజికావా వైపు తోశాడు.

"పెట్టను."

"ఆవిడ ఎలాగూ రారు కదా తాతగారూ!"

"నలభై రెండేళ్లు కాపురం చేశాను. ఒక్కరోజు కూడా ఆమెను గుమ్మం దగ్గర ఆపలేదు. ఇప్పుడు ఆపుతానని రాసివ్వను."

"గడి పోతుందండీ."

"పోనీ."

పోయింది. ఈ ఏడు ఆ గడిని ఎవరూ కొనలేదు. పూరణ విభాగం అందులో ఇద్దరిని కూర్చోబెట్టింది. పటాలు దిగాయి. పోటీలు ముగిశాక, సేవలపై అభిప్రాయం చెప్పమని తొకుజికి క్రీడాభవనం నుంచి ఫోను వచ్చింది.

"ఈ సంగతి ఇక చచ్చేదాకా మాట్లాడను," అని ఆయన పెట్టేశాడు.

ఫిర్యాదు లేదు, సంతృప్తికరం అని రాసుకున్నారు.