మర్యాద కప్పు

ఒక పెద్ద అడవిలో, ఏటికి ఈ గట్టువాళ్లకీ ఆ గట్టువాళ్లకీ పడని విషయం ఒక్కటే, రగ్బీ. ఏటి నడుమ ఇసుకతిన్నె మీద ఎండిన ఆనపకాయతో ఆడేవారు. ఈ గట్టుకి దున్నల జట్టు, ఆ గట్టుకి అడవిపందుల జట్టు. మనం ముందుకు పరిగెత్తాలి, కాయ మాత్రం వెనక్కే విసరాలి. అడవి పంచాయతీ నడిచే తీరూ అదే కనక ఆట అందరికీ ఇట్టే అర్థమైపోయింది.

ఈ గట్టు అభిమానుల్లో ఎలుగుబంటి గుబురయ్య ఒకడు. మహా సున్నితం. దున్నలు ఓడితే ఏడుస్తాడు, గెలిస్తే ఏడుస్తాడు, జట్టు వరసగా వచ్చి నిలబడితే చాలు, ముక్కు చీదుతాడు.

కిందటేడు ఆట అయ్యాక రెండు గట్ల అభిమానులూ తన్నుకున్నారు. దాంతో పంచాయతీ కార్యదర్శి నక్క ఒక ఉపాయం ఆలోచించి చాటింపు వేయించింది.

"ఈసారి మర్యాదగా ఉన్న అభిమానులకి కూడా కప్పు ఇస్తాం. మార్కులు కొంగగారు వేస్తారు. అరిస్తే, ఏడిస్తే మార్కులు పోతాయి."

మర్నాడే ఈ గట్టుకి పెద్దయిన కోతి గుబురయ్య గుహకి వచ్చింది.

"కప్పు మనకే రావాలి గుబురయ్యా. నువ్వు ఒక్క చుక్క కన్నీరు కార్చినా ఈ జన్మలో మళ్లీ గట్టు ఎక్కనివ్వం."

"ఆట చూడకుండా నేనెట్టా బతికేది?"

"అందుకే ఏడవకు."

పాపం, ఆట రోజున గుబురయ్య నోట్లో గుప్పెడు మోదుగాకులు కుక్కుకుని కూర్చున్నాడు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఆట ముగిశాక ఓడిన గట్టువాళ్లు గెలిచిన గట్టువాళ్లకి దొప్పల్లో తేనెనీళ్లు పోయాలి. కొంగ దానికే ఎక్కువ మార్కులు పెట్టింది. ఇంకేం, ఆట సగంలో ఉండగానే కోతి తనవాళ్లకి దొప్పలు పంచి ఏట్లోకి నడిపించింది. ఆ గట్టు పెద్ద కుందేలు ఊరుకుంటుందా? తనూ దొప్పలతో ఎదురొచ్చింది.

"తీసుకోండి, మేం ఓడిపోయాం" అంది కోతి.

"అదెలా కుదురుతుంది? ఓడింది మేము. ముందు మీరు తాగండి."

"మీకంటే ఘోరంగా ఓడాం మేము."

"తాగుతావా, పళ్లు రాలగొట్టి పొయ్యమంటావా?" అంది కుందేలు.

తేనెనీళ్లు మొహాల మీదికి పోయాయి. కిందటేడుకంటే గట్టిగా తన్నుకున్నారు. కొంగ మార్కుల చీటీతో సహా చెట్టెక్కింది.

ఇక ఆట చూస్తున్నది ఇద్దరే. ఒకడు గుబురయ్య. రెండోది ఆ గట్టు ముళ్లపంది సూదమ్మ, కొట్లాట తప్పించుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది.

చివరి నిమిషంలో దున్న కొమ్మన్న కాయ పట్టుకుని, మీదపడ్డ నాలుగు పందుల్నీ ఈడ్చుకుంటూ గెలుపు గీత దాకా వెళ్లాడు. జానెడు దూరంలో కాయ జారిపోయింది. పందులు గెలిచాయి.

గుబురయ్య ఆకులు ఊసేసి బావురుమన్నాడు.

"ఎంత దూరం తెచ్చాడు తమ్ముడూ మీవాడు" అని సూదమ్మ కూడా కళ్లు ఒత్తుకుంది. "గెలిచామన్న సంతోషం ఉన్నా, వాణ్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

"మీవాళ్లు మాత్రం పట్టు వదిలారా అక్కా" అంటూ గుబురయ్య ఆమెని కావలించుకున్నాడు. ఒళ్లంతా ముళ్లు దిగాయి. ఆపైన ఏడిచిందాంట్లో కొంత వాటి వల్లే.

కప్పు ఎవరికీ రాలేదు. ఆ కోపం కోతీ కుందేలూ వీళ్ల మీద తీర్చుకున్నాయి. ఏడ్చారన్న నేరానికి ఇద్దరినీ గట్ల మీదికి రాకుండా వెలేశారు. నక్క సంతకం పెట్టింది. ఇద్దరూ దిగులుగా దూరాన ఒక బోడిదిబ్బ మీదికి పోయి కూర్చున్నారు.

తర్వాతి ఆట రోజున గట్ల మీద అభిమానులు వంగి వంగి నమస్కారాలు సాధన చేస్తున్నారు. జట్లు రెండూ కాసేపు చూసి, కాయ తీసుకుని దిబ్బ కిందికి నడిచాయి.

"ఇక్కడికొచ్చారేం?" అన్నాడు గుబురయ్య, అప్పుడే ముక్కు చీదుతూ.

"అక్కడ ఆట చూసేవాళ్లెవరూ లేరు" అన్నాడు పందుల నాయకుడు.

నీతి: క్రీడాస్ఫూర్తికి కప్పు ఇవ్వాలంటే, ముందు అది ఉన్నవాళ్లని మైదానం నుంచి పంపించెయ్యాలి.