తరుగు తీసేసిన పంచదార

ఇంటర్ చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆదివారం పూట ఒక ఎంపిరికల్ ఫార్ములా లెక్క పంపడం తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి! యోగా, ధ్యానం, పరగడుపున గోరువెచ్చని నీళ్ళు... ఇవేవీ మనిషి అహంకారాన్ని ఆ లెక్క కడిగినంత శుభ్రంగా కడగలేవు. స్వానుభవంతో చెబుతున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఏదో ఒక పదార్థం ఉంటుంది. అదేమిటో చెప్పరు. అందులో కార్బన్ ఇంత శాతం, హైడ్రోజన్ ఇంత, ఆక్సిజన్ ఇంత అని మాత్రం చెబుతారు. ఒక్కో శాతాన్నీ దాని పరమాణు భారంతో భాగించాలి. వచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్నదానితో మళ్ళీ అన్నిటినీ భాగించాలి. అప్పుడు ఒకటి, రెండు, మూడు అంటూ పూర్ణాంకాలు బుద్ధిగా వచ్చి నిలబడతాయి. ఏ పరమాణువులు ఏ పాళ్ళలో ఉన్నాయో తెలిసిపోతుంది. అదే ఫార్ములా. ఎంత సులువు!

నా పేరు సూర్యనారాయణమూర్తి. అనకాపల్లిలో బెల్లం వ్యాపారిని. శాతాలూ భాగహారాలూ మాకు ఉగ్గుపాలతో వస్తాయి. మా అమ్మాయి భానుశ్రీ ఇంటర్ మొదటి సంవత్సరం. చీకటితో కాలేజీకి వెళ్ళి దీపాలు పెట్టాక వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పెరోల్ మీద వదులుతారు. ఆ పూట పిల్ల మనశ్శాంతిగా ఉండిపోతుందేమోనని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక లెక్క పెడతారు. కింద ‘తల్లిదండ్రులు దగ్గరుండి చేయించవలెను’ అని ఉంటుంది. చేర్చుకోవడం వాళ్ళ వంతు, చెప్పడం మన వంతు! ఇంతకన్నా సమష్టి బాధ్యత ఏ దేశంలోనైనా ఉందా?

ఆ ఆదివారం వచ్చిన లెక్క ఇది. కార్బన్ 42.1, హైడ్రోజన్ 6.4, ఆక్సిజన్ 51.5 శాతం. ఫార్ములా కనుక్కోండి.

ముందు మా బావమరిది త్రినాథ్‌కి ఫోన్ చేశాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాడు. అచ్యుతాపురంలో మందుల కంపెనీలో ఉద్యోగం.

“మా కాడ మిషనే సెప్పేత్తాది బావా. నేను ప్రింటు తీసి సంతకం ఎడతాను” అన్నాడు.

ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. ఫోనులో కాలిక్యులేటర్ తీసి భాగించాను. మళ్ళీ భాగించాను. హైడ్రోజన్ రెండు వచ్చింది. ఆక్సిజన్ ఒకటి వచ్చింది. కార్బన్ మాత్రం మొండికేసి 1.09 దగ్గర ఆగింది.

“నాన్నా, ఒకటీ పాయింట్ సున్నా తొమ్మిదిని ఒకటి చేసేయొచ్చేటి?” అంది భానుశ్రీ.

“ఆ కాస్తా తరుగు కింద తీసేయమ్మా.”

“కెమిస్ట్రీలో తరుగుంటాదేటి నాన్నా?”

“తరుగు లేని సరుకు భూప్రపంచంలో లేదు!”

బెల్లం దిమ్మ ఎండకి కారినా, గోనెకి అంటినా, చీమ పట్టినా, ఆ పోయినదాన్ని మా మార్కెట్లో తరుగు అంటారు. పరమాణువు దిమ్మ కన్నా గొప్పదా? CH2O అని తేల్చేశాను. భానుశ్రీ ఏదో అనబోయి, నా ముఖం చూసి ఆగింది. పాండిత్యానికి బిత్తరపోయిందనుకున్నాను.

అంతటితో ఊరుకుంటే నేను మనిషినే! లెక్కంతా తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. దండాలు, పూలగుత్తులు వచ్చిపడ్డాయి. కశింకోట వైపు చెరకు పండించే నానాజీ అనే తండ్రి ‘మీరుండగా మా పిల్లలకేటి బెంగ మాస్టారూ’ అని పెట్టాడు. మాస్టారు! ఆ మాట మా ఆవిడ వరహాలక్ష్మికి చదివి వినిపించాను.

“రేపట్నించి కొట్టు మూసేసి కాలేజీ ఎట్టీండి” అంది, వంకాయలు తరుగుతూ.

మర్నాడు కొట్టులో ఉండగా కాలేజీ నుంచి ఫోన్. వెంటనే రమ్మన్నారు. సన్మానమేమోనని చొక్కా మార్చుకుని వెళ్ళాను.

కెమిస్ట్రీ లెక్చరర్ తారక్ కుర్రాడే. కళ్ళ కింద నలుపు. ముందు కాగితాల కట్ట. సెక్షన్ మొత్తం ఒకే జవాబు రాసింది. అందరి లెక్కలోనూ మూడో వరసలో ‘తరుగు 0.09’ అని ఉంది. ఒకడు దాన్ని ‘తరుగు సూత్రం’ అని రాసి కింద గీత కూడా గీశాడు.

“ఈ సూత్రం తమరిదేనాండీ?” అన్నాడు తారక్.

శాస్త్రవేత్తలకు కష్టాలు కొత్త కాదు. తలూపాను.

“ఈ పదార్థం పంచదారండీ. మీరు తరుగు తీసేసరికి ఫార్మాల్డిహైడ్ ఫార్ములా అయిపోయింది. మెడికల్ కాలేజీల్లో శవాలు పాడవకుండా వాడతారు చూడండి, ఆ సరుకు.”

మూడు తరాలుగా తీపి అమ్ముకుని బతుకుతున్న వంశం మాది. ఎదురుగా పంచదార వచ్చి నిలబడితే పోల్చుకోలేదు సరికదా, శవాల గదిలోకి పంపించాను. ఊరంతటికీ పంచి మరీ!

తారక్ భానుశ్రీని పిలిపించాడు. సుద్ద చేతికిచ్చాడు. ఆ పిల్ల 1.09, 2, 1 అని రాసి, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా మూడింటినీ పదకొండుతో హెచ్చవేసింది. పన్నెండు, ఇరవై రెండు, పదకొండు. C12H22O11. పంచదార బోర్డు మీద తెల్లగా మెరిసింది.

“ఇది నీకు ముందే తెలుసా?”

“తెలుసు సార్. నిన్న సాయంత్రమే మళ్ళీ చేసి చూసేను. రెండుతో, మూడుతో హెచ్చేసుకుంటూ పోయేను. పదకొండు కాడ కుదిరింది.”

“మరి తప్పు జవాబెందుకు రాసేవమ్మా?”

ఆమె నా వైపు చూడలేదు. “అప్పటికే నాన్న గ్రూపులో ఎట్టేసేడు సార్. అందరూ మెచ్చుకుంటన్నారు. తప్పని నేనెలాగ చెప్తాను?”

చొక్కా అనవసరంగా మార్చుకొచ్చానని అప్పుడు అనిపించింది.

తారక్ గొంతు తగ్గించి అన్నాడు. “చాలా బాగా చేసిందండీ. కష్టం ఏటంటే, పరీక్షలో నాలుగు ఆప్షన్లు ఉంటాయి. చూసి గుర్తుపట్టి టిక్కు పెట్టీయాలి. ఈ అమ్మాయి ప్రతిదీ మొదట్నుంచీ చేసి చూస్తాది. పోయిన రెండు టెస్టుల్లోనూ సగం దగ్గరే టైమైపోయింది. రేపట్నించి కింద సెక్షన్‌కి మారుస్తున్నారు. నేను వద్దన్నానండీ. పైనుంచి లిస్టు వచ్చేసింది.”

కాబట్టి పాఠకులారా, ఒక లెక్కని తెలిసి చేసిన పిల్ల కిందికి వెళ్ళింది. తెలియకుండా చేసిన తండ్రికి మాస్టారనే బిరుదు వచ్చింది. విద్యావ్యవస్థ మీద నాకున్న గౌరవం రెట్టింపయింది!

సాయంత్రం పిల్లని స్కూటర్ మీద ఇంటికి తీసుకొస్తున్నాను.

“నా మూలానేనేటమ్మా ఇదంతా?” అన్నాను.

“నీదేటుంది నాన్నా. చేసి చూడకుండా టిక్కు పెట్టాలంటే నాకు భయమేత్తాది.” వీపు మీద తల ఆనించింది. చొక్కా తడిసింది. ఇద్దరం వాన మీద నెపం పెట్టుకోవడానికి ఆకాశంలో ఒక్క మబ్బు కూడా లేదు.

మరుసటి ఆదివారం కొత్త సెక్షన్ గ్రూపులో లెక్క రాలేదు. కింద సెక్షన్‌కి అలాంటివి ఇవ్వరట. ఆప్షన్లు, వాటి జవాబులు, అంతే. హాయిగా పడుకోవలసిన మధ్యాహ్నం. పిల్ల గదిలోంచి వాకిట్లోకీ, వాకిట్లోంచి గదిలోకీ తిరిగింది. చివరికి నా పక్కన వచ్చి కూర్చుంది.

“నాన్నా, ఒక లెక్క నువ్వియ్యి.”

చూశారా నా హోదా! వంటసోడా ఎంచుకున్నాను. శాతాలు వెనక్కి కట్టుకుంటూ వచ్చి, చెమటలు పట్టి, చివరికి నాలుగు అంకెలు రాసిచ్చాను. భానుశ్రీ భాగహారం మొదలుపెట్టలేదు. ముందు నాలుగింటినీ కూడింది. వారం రోజుల తర్వాత నవ్వింది.

“నూట ఆరొచ్చింది నాన్నా! దేన్లోనైనా వందకి మించి సరుకుంటాదేటి?”

స్కూటర్ తీసి, పిల్లని ఎక్కించుకుని బస్టాండు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కాలేజీల హోర్డింగులు వరసగా ఉంటాయి. ‘జిల్లాలో మొదటి పది ర్యాంకుల్లో ఆరు మావే’ అని ఒకటి. ‘ఐదు మావే’ అని దాని పక్కది. ‘ఏడు మావే’ అని మనవాళ్ళది, అన్నిటికన్నా ఎత్తుగా.

“పద్దెనిమిది” అంది భానుశ్రీ, స్కూటర్ ఆగేలోపే.

ఆ బోర్డులు చూసే ఊరందరం పిల్లల్ని చేర్పించాం. వ్యాపారులం, లెక్కల మనుషులం. ఇన్నేళ్ళలో ఒక్కరమూ కూడి చూడలేదు.