సరుకు లేని గూడ్సు

"ఇకనుంచి గూడ్సు బండి ఆలస్యం అన్న మాట వినబడితే నా పేరు మార్చుకుంటాను!"

రవాణా మంత్రిగారు మా గూడ్సు యార్డులో మైకు అదిరేలా ప్రకటించారు. నేనక్కడ గుమాస్తాని. మా బావమరిది ఉల్లిపాయలు వారంగా ఆ యార్డులోనే, వ్యాగన్లలో మొలకలెత్తుతున్నాయి. అందుకని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

వెంటనే కంప్యూటర్ దిగింది. సిమ్యులేషన్ అట. అంటే బండిని తెర మీద నడిపించి, ఎక్కడ ఆలస్యమవుతోందో ముందే పట్టేయడం. ఇంజనీరు మీట నొక్కాడు. తెర మీది బండీ నాలుగు రోజులు తీసుకుంది.

"అచ్చం మన బండే!" అని మంత్రిగారు మురిసిపోయారు. "ఎందుకాగుతోంది?"

"సరుకు ఎక్కించడానికి రోజున్నర, దింపడానికి రెండ్రోజులండి. మిగతాది బరువు వల్ల."

"సరుకు తీసేసి చూడు."

ఆరు గంటల్లో చేరిపోయింది. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"ఇన్నేళ్ళూ శత్రువుని మనమే మోశామయ్యా!"

మర్నాడే నలభై రెండు వ్యాగన్లూ ఖాళీ చేయించారు. ఉల్లి గుట్ట పక్కన నిలబడి మా బావమరిది అడిగాడు.

"బావా, మరి ఇవెలా వెళ్తాయి?"

"బండి టైముకి వెళ్తోందిరా. ముందు దానికి సంతోషించు."

వాడు ఏడవలేక లారీ మాట్లాడుకున్నాడు. మిగతా వర్తకులూ అంతే.

మంత్రిగారు పచ్చజెండా ఊపి, అవతలి స్టేషన్లో బండికి స్వాగతం చెప్పడానికి కార్లో బయల్దేరారు. దండల బుట్టతో నేనూ ఎక్కాను. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడింది. మా ముందు రెండొందల లారీలు. ఖాళీ గూడ్సు కూత పెట్టుకుంటూ, నిమిషం తేడా లేకుండా దూసుకుపోయింది. మంత్రిగారు కారు దిగి సెల్యూట్ కొట్టారు.

గేటు లేచింది. లారీలు లేవలేదు. ఒకటి అడ్డం తిరిగింది, ఇంకోటి దాన్ని తిట్టడానికి ఆగింది. బండి గమ్యం చేరి, దండ వేసే దిక్కులేక నిలబడిందని ఫోనొచ్చింది.

"ఎవరివయ్యా ఈ లారీలు?" అని మంత్రిగారు అరిచారు.

"మన బండిలోంచి దింపిన సరుకేనండి," అన్నాను దండల మీద నీళ్ళు చల్లుతూ.

ఆయన కణతలు నొక్కుకున్నారు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"బండిని వెనక్కి రప్పించండి. ఈ లారీలన్నీ దానిమీద ఎక్కించండి!"

ఎక్కించాం, సరుకుతో సహా. బండి చేరడానికి మళ్ళీ నాలుగు రోజులు పట్టింది. మా బావమరిది తన లారీలో డ్రైవరు పక్కన దర్జాగా కూర్చున్నాడు.

ఐదోనాటి పత్రికల్లో మొదటి పేజీ నిండా మంత్రిగారి ఫొటో. దానికింద పెద్దక్షరాలతో:

"చుక్క డీజిలు తాగకుండా నడిచే లారీలు వచ్చేశాయి."