ఎల్డన్ పెట్టిన లీకు

జనవరి నెలలో ఓ మంగళవారం ఉదయం ఎల్డన్ ప్రూయిట్ కాఫీ తాగుతూ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో నిమ్మచెట్టుకు నీళ్లందించే సన్నని నల్లగొట్టాన్ని రాత్రి హవలీనాలు కొరికేశాయి. అడవిపందుల్లా ఉండే ఆ జంతువులు ఎడారిలో నీటి వాసన తగిలితే ఊరుకోవు. కొరికిన చోట కోసి కొత్త ముక్క అతికిస్తే సరి. ఇరవై నిమిషాల పని. ఎల్డన్ ఇంతకుముందు చేపట్టిన ఇరవై నిమిషాల పని స్నానాల గది తలుపు. అది ఏప్రిల్‌లో ఈస్టర్‌కు మొదలై అక్టోబరు చివర్లో హాలోవీన్‌కు పూర్తయింది. ఇప్పుడక్కడ పరదా వేలాడుతోంది.

"మూడింటికి వస్తా," అంది భార్య రోండా, చేతిసంచి సర్దుకుంటూ. "మా చెల్లి మార్లాతో కలిసి టూసాన్ నగరంలో ఆ ఫ్లాటు చూసొస్తాను. నేనొచ్చేసరికి పెరడు పొడిగా ఉండి, చెట్టుకు నీళ్లందుతుంటే ఇక్కడే ఉందాం. లేకపోతే సంతకం పెట్టేస్తా. అక్కడ బల్బు మాడినా వాళ్లే వచ్చి మారుస్తారట."

"ఇంత చిన్న పనికి ఇల్లు అమ్ముకుంటామా?"

"నీ చిన్న పనులంటేనే నాకు భయం. పెద్దవైతే నువ్వు మొదలే పెట్టవు." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "అయినా గొట్టాల గురించి కాదు ఎల్డన్. మూడేళ్లయింది ఇక్కడికొచ్చి. మన తలుపు తట్టినవాళ్లెంతమంది? చర్చి కరపత్రాలు పంచేవాళ్లు ఇద్దరు. వాళ్లూ దారి తప్పి వచ్చారు. కాక్టస్‌లతో ఎంతకాలమని మాట్లాడను?"

 ఎల్డన్‌కు ఆ ఇల్లంటే ప్రాణం. ఒహాయోలో ముప్ఫై ఒక్క ఏళ్లు మోకాలిలోతు మంచులో ఉత్తరాలు పంచినవాడికి, జనవరిలో పొట్టిచేతుల చొక్కాతో పెరట్లో నిలబడడం కన్నా స్వర్గం ఏముంటుంది? ఆ స్వర్గాన్ని నిలబెట్టుకోవాలంటే ఇవాళ ఒక గొట్టం అతికించాలి, అంతే. రోండా పికప్ ట్రక్కు మలుపు తిరగగానే గడ్డపార తీశాడు.

అతికించేసి ఊరుకుంటే కథే లేదు. ఎల్డన్‌కు ఒక ఆలోచన వచ్చింది. గొట్టాన్ని అడుగు లోతున పాతిపెడితే హవలీనాల నోటికి అందదు కదా! ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ నేలలో జానెడు మట్టి కింద సున్నపుగడ్డ సిమెంటులా గట్టిపడి ఉంటుంది. మొదటి పోటుకు గడ్డపార ఖంగున మోగింది. రెండో పోటుకు ఎల్డన్ పళ్లు మోగాయి. మూడో పోటు పళ్లు బిగించి వేశాడు. గడ్డపార హాయిగా దిగింది. ఎంత హాయిగా దిగిందంటే, ట్యాంకు నుంచి ఇంట్లోకి వెళ్లే పెద్ద గొట్టంలోకి దిగింది. ఆ గొట్టాన్ని అక్కడ పాతింది ఎవరో కాదు, రెండేళ్ల క్రితం ఎల్డనే.

నీళ్లు నడుమెత్తున ఎగజిమ్మాయి. ఎల్డన్ గట్టు మీదున్న ట్యాంకు దగ్గరికి పరుగెత్తి వాల్వు తిప్పాడు. తుప్పు పట్టిన పిడి ఊడి చేతికొచ్చింది. అక్కడ నీళ్లు మూడు వారాలకోసారి ట్యాంకరులో వస్తాయి. వచ్చిన నీళ్లన్నీ ఇప్పుడు నిమ్మచెట్టు చుట్టూ చెరువు కడుతున్నాయి. పగులుకు టేపు చుట్టాడు, ఊడిపోయింది. సైకిల్ ట్యూబు కోసి చుట్టాడు. దాని మీద తన బెల్టు బిగించాడు. చివరికి వేలెడు కన్నం మాత్రం మిగిలింది. బురదలో బోర్లా పడుకుని దాని మీద బొటనవేలు నొక్కాడు. నీళ్లు ఆగాయి, సన్నగా ఒక్క ధార తప్ప. వేలు తీస్తే వరద. తీయకపోతే ఫోన్ అందదు.

ఇప్పుడేం చేయాలా అని ఆలోచిస్తుంటే, ఎర్రమట్టి రంగు వీపున్న పిట్ట ఒకటి వచ్చి అతని మోచేతి పక్కన వాలి, ఆ ధార కింద తాపీగా స్నానం మొదలుపెట్టింది.

"కదలకు!" అని గోడ అవతల నుంచి గుసగుస వినిపించింది. పక్కింటి ఒఫీలియా బస్తమాంతే నలభై ఏళ్లపాటు నాలుగో తరగతికి పాఠాలు చెప్పిన టీచరు. ఆవిడ గుసగుస రెండు గదుల దాకా వినిపిస్తుంది. మెడలో ఎప్పుడూ బైనాక్యులర్లు ఉంటాయి.

"టీచరుగారూ, ఒక్కసారి ఇటొచ్చి..."

"ష్! అది మెక్సికో పిట్ట. సరిహద్దు దాటి ఇంత ఉత్తరానికి రావడం ఆరేళ్ల తర్వాత ఇదే." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిట్టల కోసం నేల మీదే నీటిధార పెట్టావా నాయనా? వేలితో సరిచూస్తున్నావా? ఈ వీధిలో పిట్టల గురించి పట్టించుకునేది నేనొక్కదాన్నే అనుకున్నా. నిన్ను తక్కువ అంచనా వేశాను."

నిజం చెప్పాల్సిన క్షణం అదే. కానీ ఎల్డన్ చేసిన రిపేరును జీవితంలో ఎవరూ మెచ్చుకోలేదు. "అబ్బే, ఏదో నా చేతనైనంత," అన్నాడు.

ఆవిడ ఫోన్‌లో రెండు ముక్కలు రాసి పంపింది. ఆ జిల్లాలో పిట్టల పిచ్చి ఉన్నవాళ్లకు అది చాలు. అరగంటలో వీధి కార్లతో నిండిపోయింది. చలికి భయపడి మిన్నెసోటా నుంచి దిగొచ్చిన ముసలివాళ్లు, కుర్చీలు మోసుకొచ్చిన జంటలు, మూడుకాళ్ల స్టాండ్ల మీద దుర్భిణులు. అందరూ పిల్లుల్లా నడిచి గోడ పొడవునా బారులు తీరారు.

"బురదలో ఉన్నాయనెవరు?"

"ఇంటాయన. ధార వేగం ఎక్కువ తక్కువ కాకుండా వేలితో చూసుకుంటున్నాడట."

"పొద్దుట్నుంచా? ఏం మనిషండీ!"

పన్నెండున్నరకు ఎల్డన్ చెయ్యి తిమ్మిరెక్కి వేలు కాస్త లేచింది. నీళ్లు బుస్సుమన్నాయి. పిట్ట ఎగిరి పక్కనున్న మెస్కిట్ చెట్టు కొమ్మెక్కింది. గోడ పొడవునా అందరూ ఒక్కసారే "అయ్యో!" అన్నారు. ఎల్డన్ గాభరాగా వేలు నొక్కాడు. పిట్ట మళ్లీ దిగింది.

"నేనింక లేస్తానండీ," అన్నాడు దీనంగా.

"ఎవరూ నిన్ను తొందరపెట్టట్లేదు నాయనా. నిదానంగా పడుకో," అంది ఒఫీలియా. ఎవరో పాకుతూ వచ్చి అతని నోట్లో సగం బూరిటో రొట్టెచుట్ట పెట్టి వెళ్లారు. ముక్కు దురదపెడితే మిన్నెసోటా పెద్దాయన కర్రతో గోకిపెట్టాడు.

మూడింటికి రోండా ట్రక్కు వీధిలోకి దూరలేకపోయింది. అన్ని కార్లు చూసి ఆమె ట్రక్కును అక్కడే వదిలేసింది. చావు జరిగిన ఇంటి ముందే అన్ని కార్లు ఉంటాయి. పరుగు పరుగున వచ్చింది. పెరట్లో జనం తలలు వంచి నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్య బురదలో మొగుడు బోర్లా పడి ఉన్నాడు.

"ఎల్డన్!" అని కేక పెట్టింది.

"ష్!" అని ఇరవైముగ్గురూ వేళ్లు పెదవుల మీద పెట్టారు.

"బతికే ఉన్నా," అన్నాడు ఎల్డన్ నెమ్మదిగా. "పెద్ద గొట్టం పగలగొట్టా. సంతకం పెట్టేశావా?"

"పెన్ను తీశా. పెరడు చూశాక పెడదామని ఆగా." రోండా చెరువును చూసింది, ట్యూబును చూసింది, బెల్టును చూసింది. ఎల్డన్ కళ్లు మూసుకున్నాడు. ఇల్లు పోయినట్టే.

అప్పుడొకావిడ రోండా భుజం తట్టింది. "ఈ ఇంటి అమ్మగారు మీరేనా? మిన్నెసోటాలోని డులూత్ నుంచి వచ్చాం. మోకాళ్లు లాగేస్తున్నాయి, లోపల కాసేపు కూర్చోవచ్చా?"

మూడేళ్లలో రోండాను ఆ మాట అడిగినవాళ్లు లేరు. "అయ్యో, రండి రండి!" అంది. తాగడానికి దాచిన క్యాన్ నీళ్లతో కాఫీ పెట్టింది. మొక్కజొన్న రొట్టె కోసింది. ఒకరి తర్వాత ఒకరు వంటింట్లోకి వచ్చారు. నాలుగున్నరకల్లా ఆమెకు ఇద్దరి మోకాళ్ల ఆపరేషన్లూ, ఒకరి కోడలి సంగతీ పూర్తిగా తెలిసిపోయాయి. బయట ట్యాంకు ఖాళీ అయి ధార ఆగిపోయింది. పిట్ట వెళ్లిపోయింది.

"రేపు ఏడింటికల్లా వస్తాం రోండా," అంది డులూత్ ఆవిడ. "మా అక్కనీ తీసుకొస్తా. ఆ నీటి కోసం పిట్ట తప్పకుండా వస్తుంది."

అందరూ వెళ్లాక ఎల్డన్ తలొంచుకుని నిలబడ్డాడు. "నేను పిట్టల కోసం చేయలేదు రోండా."

"నీతో నలభై ఏళ్లు కాపురం చేశాను. తెలియదా?" చెల్లెలికి ఫోన్ కలిపింది. "ఫ్లాటు వద్దులే మార్లా. రేపు మా ఇంటికి మనుషులొస్తున్నారు." 'మనుషులు' అన్న మాటను ఇంకోసారి కూడా చెప్పింది. ఎల్డన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"కానీ ఒకటి," అంది ఫోన్ పెట్టేసి. "రేపు ఏడింటికి ఆ ధార అలాగే కారాలి. అది లేకపోతే పిట్ట రాదు. పిట్ట రాకపోతే వాళ్లూ రారు. అప్పుడు మార్లాకి మళ్లీ ఫోన్ చేస్తా."

"ఇంకోరోజు వేలు పెట్టి పడుకుంటే నేను చస్తానే!"

"వేలెందుకు? ఎప్పటిలాగే రిపేరు చెయ్యి. దానంతటదే కారుతుంది."

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది ఎల్డన్‌కు. పొద్దుపోయేలోగా పగిలిన చోట కోసి, కొత్త ముక్క పెట్టి, ఎప్పుడూ పూసే జిగురే పూసి, ఎప్పటిలాగే వంకరగా బిగించాడు.

తెల్లారి ఏడింటికి గోడ పొడవునా నలభైమంది చేరారు. రోండా రెండు పళ్లేల నిండా రొట్టె కోసిపెట్టింది. మెస్కిట్ కొమ్మ మీద పిట్ట కూడా వచ్చి కూర్చుంది. రాత్రే ఫోన్ చేసి రప్పించిన ట్యాంకరు అప్పటికే నీళ్లు నింపి వెళ్లింది. అందరూ ఊపిరి బిగబట్టి అతుకు వైపు దుర్భిణులు తిప్పారు.

మూడేళ్లలో ఎల్డన్ చేసిన రిపేర్లన్నిటిలో ఒక్క చుక్క కూడా కారనిది అదొక్కటే.